కలువలంకలో ఊదుపలక

ఏళ్ళ తరబడి నిద్ర మానుకుని శేషుకుమారి తయారు చేసిన పలక మీద ఊదడానికి ఆ సోమవారం కలువలంకలో ఒక్క మనిషి కూడా రాలేదు. బడి వరండాలో బల్ల వేసుకుని నర్సు ఎస్తేరు రాణి పొద్దున్నుంచీ కూర్చుంది. ఎండ వరండా మెట్లు దాటి బల్ల కాళ్ళ దాకా వచ్చింది. ఇక లాభం లేదనుకుని ఏలూరుకు ఫోన్ చేసింది.

"మేడం, ఈ వారం రెండు మేకలు వచ్చాయండి. మనుషులు మాత్రం రాలేదు."

"పోయిన వారం?"

"పోయిన వారం ముగ్గురు. వాళ్ళలో ఒకాయన దారి తప్పి వచ్చాడు."

శేషుకుమారికి నవ్వు రాలేదు. పక్క లంకల నుంచీ ఇదే మాట వినబడుతోంది. ఆమె ఫోన్ పెట్టేసి ప్రయోగశాల కిటికీ దగ్గర నిలబడింది. గాజు తొట్లలో పచ్చటి నాచు మెల్లగా ఊగుతోంది. అది కొల్లేటి నాచే. చిన్నప్పుడు ఆమె కాళ్ళకు అంటుకుని జారిపడేలా చేసిన నాచు. దాని జన్యువులను మార్చి మార్చి, చివరికి మనిషి ఊపిరికి రంగు మారేలా తయారు చేసింది.

ఒంట్లోకి ఏ క్రిమి చేరినా, ఏ అవయవం పాడవుతున్నా శరీరం దానితో పోట్లాడుతుంది. ఆ పోట్లాట తాలూకు ఆవిరి ఊపిరిలో కలుస్తుంది. మన ముక్కుకు తెలియదు కానీ ఆ నాచుకు తెలుస్తుంది. అరచేయంత గాజు పలక మీద నాచును పలచటి పొరలా పరిచి, దాని మీద ఊదితే చాలు. తెలిసిన రోగాలకు ఒక్కో దానికి ఒక్కో రంగు: గోధుమ, పసుపు, నీలం. లోకంలో ఇంతవరకూ ఎవరికీ రాని కొత్త రోగమైతే మాత్రం పలకంతా ఊదారంగులోకి తిరుగుతుంది. పోయిన మహమ్మారి దేశాన్ని ఎలా తినేసిందో చూసిన ప్రభుత్వం, ఇంకోటి వచ్చేలోపు దాన్ని తొలిరోజే పట్టుకోవాలని ఈ పలకకు పచ్చజెండా ఊపింది. శీతాకాలం దేశదేశాల పక్షులు దిగే చోటు కాబట్టి కొల్లేటి లంకలతోనే మొదలుపెట్టమంది. ప్రతి మనిషీ వారానికోసారి ఊదాలి. పలకను చదివే పెట్టెలో పెడితే అది రెండే మాటలు చెబుతుంది: 'మామూలు' లేదా 'కొత్త'.

రెండేళ్ళుగా అది 'మామూలు' అనే అంటోంది. జనం విసిగిపోయారు.

మర్నాడు శేషుకుమారి తనే బయల్దేరింది. కలువలంక ఆమె పుట్టిన ఊరు. అన్నయ్య పోతురాజు అక్కడే చేపల చెరువులు చేస్తున్నాడు. గట్టు మీద రేకుల ఇల్లు, ఇంటి ముందు మేత బస్తాలు, పక్కన బోర్లించిన దోనె, ఒకరిద్దరు ఎక్కే చిన్న పడవ. ఆమె వెళ్ళేసరికి వదిన నాగరత్నం చేపలు తోముతోంది. చెల్లెల్ని చూసి పోతురాజు చెరువులోంచే చెయ్యి ఊపాడు.

"నీ ఆడపడుచు వచ్చింది, కాఫీ పెట్టు!" అని అరిచాడు.

"కాఫీకి రాలేదులే, ఊపిరికి వచ్చింది" అంది నాగరత్నం. అని దగ్గింది. లోపలెక్కడో పట్టుకుని వదలని దగ్గు. చేపల గిన్నె పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తగ్గేదాకా అలాగే వంగి కూర్చుంది.

శేషుకుమారి ఆమె వీపు నిమిరింది. భుజం ఎముక చేతికి తగిలింది. "ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"వానలప్పటి నుంచి. మందుల షాపులో సిరప్ తాగుతున్నా. పెద్ద డాక్టరు గారి దగ్గరికెళ్ళాలంటే గట్టు చివరి దాకా నడవాలి, బస్సెక్కాలి, అక్కడ ఆయన సెలవులో లేకుండా ఉండాలి. ఒకరోజంతా పోతుంది, చెరువుల పని జరగదు." నాగరత్నం గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తలెత్తకుండానే అడిగింది. "అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. రెండేళ్ళు ఊదాం. మా ఊపిరి మీక్కావాలి. మా దగ్గు మీకక్కర్లేదా?"

శేషుకుమారి సంచిలోంచి ఒక పలక తీసి వదిన ముందు పెట్టింది. "నా కోసం ఒక్కసారి ఊదు."

నాగరత్నం నిట్టూర్చి ఊదింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. పచ్చటి పొర మధ్యలో ముందు చిన్న చుక్కలా లేచి, తర్వాత వేరులా పాకి, గోధుమరంగు పలక అంచు దాకా వెళ్ళింది. ఏ రంగు ఏ రోగమో ఊళ్ళోవాళ్ళకూ నర్సుకూ చెప్పలేదు గానీ, శేషుకుమారికి ఆ రంగు తెలుసు. ఆ రంగును ప్రయోగశాలలో పుట్టించిందే తను. క్షయ.

పలకను పెట్టెలో పెట్టింది. పెట్టె కాసేపు గుర్రుమని, ఎప్పటిలాగే చెప్పింది: 'మామూలు'.

"చూశావా, ఏం లేదంట" అంది నాగరత్నం తేలిగ్గా.

పెట్టెకు అలా చెప్పమని నేర్పింది శేషుకుమారే. కొత్తది కానిదాన్నంతా చెరిపెయ్యమన్నది పైవాళ్ళు పెట్టిన నియమం. జనం రోగాలన్నీ సర్కారు చేతికి చేరకూడదని ఒక కారణం; తెలిసిన రోగాలు ఈ పథకం పని కాదని ఇంకో కారణం. బల్ల ముందు కూర్చుని ఆ నియమం చదివినప్పుడు రెండూ సబబుగానే తోచాయి. ఇప్పుడు వదిన మెడ కింద లోతుగా పడిన గుంటలు చూస్తుంటే ఏదీ సబబుగా లేదు.

"వదినా, చెయ్యి కడుక్కో. ఈ పూటే మనం ఏలూరు వెళ్తున్నాం."

*

ఏలూరు పరిశోధన కేంద్రం డైరెక్టర్ త్రివిక్రమరావు మెత్తని మనిషి. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. శేషుకుమారి చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ వదినగారికి ఎలా ఉంది?"

"మందులు మొదలుపెట్టారు సార్. తగ్గుతుందన్నారు. ఆరు నెలల ముందే మొదలుపెడితే ఊపిరితిత్తి ఇంతగా పాడయ్యేది కాదన్నారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పెట్టె చేత అన్ని రంగులూ చెప్పించమంటున్నావు. చెప్పడం తేలిక శేషూ. లంకలో ఒకామెకు నీ మూత్రపిండాలు పాడవుతున్నాయని చెప్పి ఇంటికి పంపిస్తావు. ఇంటికెళ్ళి ఆమె ఏం చెయ్యాలి? దిగులు పడాలా? వైద్యం లేని చోట రోగం పేరు చెప్పడం కంటే క్రూరం ఏముంటుంది?"

"అందుకే సార్, గోడౌను తాళం కూడా అడుగుతున్నాను."

ఆయన తలెత్తాడు. ఊరి చివర కొత్తగా కట్టిన గోడౌనులో మహమ్మారి కోసం దాచిన సామానంతా ఉంది. ఆక్సిజన్ యంత్రాలు, మంచాలు, పరీక్షల పెట్టెలు, మందులు చల్లగా ఉంచే పెట్టెలు, ఆసుపత్రిగా మార్చిన రెండు పెద్ద పడవలు. పరదాలు కప్పి, సీలు వేసి ఉన్నాయి. అత్యవసరం ప్రకటిస్తే తీసుకోవడానికి నర్సుల పోస్టులు కూడా మంజూరై, ఖాళీగా ఉన్నాయి.

"అదంతా రేపటి కోసం దాచింది. ఇప్పుడు వాడేస్తే, రేపు నిజంగా వస్తే? అప్పుడు నన్ను కాదు, నిన్ను అడుగుతారు."

"అడగనివ్వండి సార్. ఇవాళ మన దగ్గరికి రాని మనిషి ఊపిరిలో రేపు ఊదారంగు ఉన్నా మనకెలా తెలుస్తుంది? జనం వస్తేనే పలక పని చేస్తుంది. వాళ్ళకు పనికొస్తేనే వాళ్ళు వస్తారు." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ యంత్రాలు ఎప్పుడైనా ఆన్ చేసి చూశారా? మా అన్నయ్య దోనెను రెండు వేసవులు గట్టు మీద వదిలేస్తే బీటలు తీసింది. ఇప్పుడు నీళ్ళలో వేస్తే మునుగుతుంది."

త్రివిక్రమరావు కిటికీలోంచి బయటకు చూశాడు. ఎదురు వీధిలో ఒక ముసలామె ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుని, చెప్పులు పక్కన పెట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ఆయన ఏమాలోచించాడో గానీ, ఇటు తిరిగి అన్నాడు.

"లంకల వరకే. ఒక్క ఏడాది. యంత్రాలు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పనిచేసే స్థితిలో ఉండాలి. ఇంకో సంగతి. ఎవరి రంగు వాళ్ళకే తెలియాలి. ఏలూరుకు 'కొత్త' అన్న మాట తప్ప ఇంకేదీ రాకూడదు. ఆ హామీ ఇవ్వగలిగితే వెళ్ళు. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను."

*

ఆసుపత్రి పడవ నీటి మీద అల్లుకున్న గుర్రపుడెక్కను చీల్చుకుంటూ కలువలంక రేవుకు వచ్చిన రోజు, ఊళ్ళో సగం మంది పెళ్ళి చూడ్డానికి వచ్చినట్టు గట్టెక్కారు. ఎస్తేరు రాణికి తోడుగా ఇద్దరు కొత్త నర్సులు దిగారు. వారానికి రెండు రోజులు డాక్టరు ఉంటాడన్నారు. ఉన్నాడు కూడా.

ఊదడం మాత్రం పాత పద్ధతే. కాకపోతే ఇప్పుడు మనిషిని పడవ లోపలికి పిలిచి, తలుపు వేసి, పలక మీద రంగు చూపించి, అదేమిటో చెవిలో చెబుతారు. తర్వాత ఆ మనిషి కళ్ళ ముందే పలకను మరిగే నీళ్ళతో కడిగేస్తారు. రంగు కొల్లేట్లో కలిసిపోతుంది. చెప్పినదానికి మందు అక్కడే ఇస్తారు, లేదంటే ఎవరు ఇస్తారో అక్కడికి పడవలోనే తీసుకెళ్తారు.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. మేత బస్తాలు మోసే ఒకతను తన పలక నీలంగా మారిందని, అది మూత్రపిండాల జబ్బని విని భయపడి, మర్నాడే పక్క జిల్లాకు పారిపోయాడు. అతణ్ణి వెతికి, నచ్చజెప్పి తీసుకురావడానికి పోతురాజు మూడుసార్లు వెళ్ళాల్సొచ్చింది. డయాలసిస్ అంటే ఇక అయిపోయినట్టే అనుకున్నాడు పాపం. ఇంకోసారి, ఎక్కడి నుంచో పెళ్ళివారు వచ్చి, అమ్మాయి పలక ఏ రంగో చెప్పమని ఎస్తేరును చాటుగా అడిగారు.

"తప్పకుండా చెబుతానండి" అంది ఎస్తేరు వినయంగా, వాళ్ళ ముందు రెండు పలకలు పెట్టి. "ముందు పెళ్ళికొడుకు, వాళ్ళ నాన్నగారు ఊదాలి. గట్టు మీద అందరి ముందూ చూద్దాం."

పెళ్ళివారు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ కథ లంకలన్నీ తిరిగింది. ఆ తర్వాతే ఆడవాళ్ళు ధైర్యంగా రావడం మొదలుపెట్టారు.

నాగరత్నం మందులు మానకుండా మింగింది. మొదట్లో వికారంతో తిట్టుకుంది, శేషుకుమారిని కూడా కలిపి తిట్టింది. కొన్నాళ్ళకు బుగ్గలు పూడాయి. ఒకరోజు శేషుకుమారి వచ్చేసరికి చెరువు గట్టు మీద నిలబడి, అవతలి గట్టు మీదున్న మొగుణ్ణి పేరు పెట్టి కేకేస్తోంది. ఆ కేకకు కొంగలు లేచాయి.

"ఏంటి వదినా, అంత గొంతు?"

"ఉంది కదా అని వాడుతున్నా" అంది నాగరత్నం.

అంకాలు తాత మాత్రం ఊదనే లేదు. ఆయన బాతులు కాస్తాడు. ఊరికి దూరంగా, మిట్ట మీద తడికెల పాక. పెళ్ళాం పోయాక ఆ బాతులే లోకం. ఒక్కోదానికి ఒక్కో పేరు. "నా ఊపిరి నేను పీల్చుకోడానికే చాలట్లేదు, మీకేం ఇస్తా" అనేవాడు. ఆయన కాలి మీద పుండు మానక పురుగు పట్టేలా ఉందని తెలిసి, ఎస్తేరే పాకకు వెళ్ళింది. బాతుల రొచ్చులో పీట వేసుకుని కూర్చుని, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగింది. రోజూ వెళ్ళింది. రక్తం పరీక్షించి, చక్కెర జబ్బని చెప్పి మందులిచ్చింది. పుండు మానింది. ఆయన థాంక్సేమీ చెప్పలేదు. ఒకరోజు రేవుకు వచ్చి, ఎస్తేరు చేతిలో నాలుగు బాతుగుడ్లు పెట్టి వెళ్ళిపోయాడు.

*

చలి మొదలై, కొల్లేటి మీద విదేశీ పక్షులు దిగాక ఒక ఉదయం అంకాలు తాత మళ్ళీ రేవుకు వచ్చాడు. ఈసారి చేతిలో గుడ్లు లేవు. తలపాగా గుడ్డలో చుట్టిన చచ్చిన బాతు ఉంది. అదృష్టం కొద్దీ ఆ రోజు శేషుకుమారి పడవలోనే ఉంది.

"దీని పేరు రాజమ్మ" అన్నాడు గట్టు మీదే నిలబడి. దగ్గరికి రాలేదు. "నిన్న మెడ వాల్చేసింది. ఇంకో అయిదారు కూడా తూలుతున్నాయి. ఇది మామూలు తెగులు కాదు. నా జన్మలో చూళ్ళేదు."

"తాతా, పాకలోనే ఉండాల్సింది. మేమే వచ్చేవాళ్ళం కదా" అంది ఎస్తేరు.

"చెబితే ఏం చేస్తారో నాకు తెలుసు తల్లీ. అన్నిట్నీ చంపేస్తారు." ఆయన బాతు మీది గుడ్డ సర్దాడు. "దాచిపెడదామనే అనుకున్నా. రాత్రంతా అదే ఆలోచన. నువ్వొచ్చి కూర్చున్న పీట అక్కడే ఉంది. నీ చేతికి అంటుకుంటే ఎట్లా అనిపించింది." ఆగి, దగ్గి అన్నాడు. "నాకూ ఒళ్ళు వెచ్చగా ఉంది. ఆ పలకేదో ఇటు విసురు, ఊదుతాను."

మాస్కులు, తొడుగులు వేసుకుని శేషుకుమారి పలకను గట్టు మీద పెట్టి వెనక్కి వచ్చింది. అంకాలు తాత వంగి, జీవితంలో మొదటిసారి దాని మీద ఊదాడు. పచ్చదనం ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత నాలుగు అంచుల నుంచీ ఒకేసారి నేరేడుపండు రంగు లోపలికి కమ్ముకొచ్చింది.

ఆ రంగు కోసమే ఇన్నేళ్ళు పనిచేసింది. తీరా కనబడ్డాక శేషుకుమారి పలకను పెట్టెలో పెట్టక ముందే డైరెక్టర్‌కు ఫోన్ చేసింది.

"వచ్చింది సార్."

అవతల త్రివిక్రమరావు "ఏం కావాలో చెప్పు" అన్నాడు.

ఆ సాయంత్రానికి ఊరి పెద్దలందరూ దూరదూరంగా నిలబడి మాట్లాడుకున్నారు. లంక మూసెయ్యాలి. ఎవరూ బయటికి పోకూడదు, ఐస్ లారీలు లోపలికి రాకూడదు. పట్టి అమ్మే అదనుకు వచ్చిన చేప చెరువులోనే ఉండిపోతుంది. బాతుల్ని చివరిసారి చూడాలని మిట్టకు వెళ్ళిపోయిన అంకాలు తాతను అక్కడి నుంచి అరువు దోనెలో పడవకు చేర్చింది పోతురాజే. మాస్కు కట్టుకున్నాడు గానీ, ముసలాయన మధ్యలో స్పృహ తప్పి అతని మీద పడ్డాడు.

"మూసేద్దాం" అన్నాడు పోతురాజు అందరికంటే ముందు. ఊళ్ళో పెద్ద చెరువులు అతనివే. "చేప మళ్ళీ పెంచుకుందాం."

"ఎన్నాళ్ళు?" అనడిగారు ఎవరో.

"మా ఎస్తేరమ్మ తెరవమనేదాకా" అంది ఒకావిడ. ఆ మాట మీద ఇక ఎవరూ వాదించలేదు. సర్కారు వాళ్ళు తాళ్ళు కట్టడానికి పోలీసుల్ని పంపుతామంటే, అక్కర్లేదని ఊరే చెప్పింది.

బాతులను పూడ్చిపెట్టినప్పుడు పడవ కిటికీ మూసేసి ఉంచారు, తాతకు కనబడకుండా. ఆయనకు తెలిసిపోయింది. కళ్ళు మూసుకుని ఒక్కోదాని పేరూ మెల్లగా చెప్పుకున్నాడు. ఎస్తేరు పక్కనే కూర్చుని ప్రతి పేరుకూ "ఊఁ" అంది. నాలుగో రోజున ఆయన ఊపిరి ఆగిపోయింది. అప్పటిదాకా ఆక్సిజన్ అందింది, మందు అందింది, చెయ్యి పట్టుకునే మనిషి ఉంది. వయసు, పాత జబ్బు సహకరించలేదు.

మర్నాడు పోతురాజు పలక ఊదారంగుకు తిరిగింది.

అన్నయ్య పలకను శేషుకుమారి తనే పెట్టెలో పెట్టింది. శాస్త్రవేత్తగా ఏం చెయ్యాలో తెలుసు. చెల్లెలిగా ఏం చెయ్యాలో తెలియలేదు. గట్టు మీద, జనం దాటకూడదని గీసిన గీతకు అవతల, నాగరత్నం నిలబడి ఉంది.

"లోపలికి రానివ్వు అమ్మాయ్. నేను చూసుకుంటా."

"నీ పలకకు ఇంకా ఊదారంగు రాలేదు. నీ ఊపిరితిత్తులకు తగిలితే తట్టుకోలేవు వదినా. వద్దు."

"అయితే ఏం చెయ్యమంటావు నన్ను?"

"వంట చెయ్యి. పడవలో అందరికీ."

నాగరత్నం కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. ఆ పూట నుంచి లంక మూసినన్నాళ్ళూ పడవకు భోజనం ఆమె పొయ్యి మీది నుంచే వచ్చింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు బియ్యం, పప్పు పోగుచేశారు. ఉబ్బసం ఉన్న అత్తకు నెలల తరబడి ఇంట్లో ఆక్సిజన్ యంత్రం నడుపుతున్న ఒక కోడలు, నర్సులకు సాయంగా పడవెక్కింది. ఏ గొట్టం ఎక్కడ మడత పడితే గాలి ఆగుతుందో ఎవరూ ఆమెకు చెప్పక్కర్లేదు. యంత్రాలు కూడా నమ్మకంగా నడిచాయి. రోజూ తిరుగుతున్నవే కదా. ఆ వారమే ఇంకో జిల్లాలో, సాయం పంపుదామని గోడౌను తెరిస్తే, సీలు తీయని యంత్రాల రబ్బరు గొట్టాలు పొడిపొడిగా రాలాయట.

పోతురాజు రెండు వారాలు పోరాడాడు. ఒక దశలో గొంతులోంచి మాట రాక, వేళ్ళతో చేప బొమ్మ గీసి చూపించాడు. చెరువులో గాలి చక్రాలు తిప్పుతున్నారా అని అడుగుతున్నాడని శేషుకుమారికి అర్థమైంది.

"తిప్పుతున్నారన్నయ్యా. నీ చేపలకు నీకంటే మంచి ఆక్సిజన్ అందుతోంది" అంది. మాస్కు లోపల అతని నవ్వుకు ఆవిరి పట్టింది.

మొత్తం పదిమందికి పైగా ఊదారంగు చూశారు. అంకాలు తాత తప్ప అందరూ లేచి తిరిగారు. చుట్టుపక్కల ఏ లంకలోనూ, ఏలూరులోనూ, ఇంకెక్కడా ఆ రంగు కనబడలేదు. వరసగా ఏ పలక మీదా ఊదారంగు కనబడని వారం, ఎస్తేరు రేవులో గీత చెరిపేసింది. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకున్నారు. అంకాలు తాత పాకలో తడికెలు విప్పి, ఆ మిట్ట మీద ఆయన్ను పూడ్చిన చోట మట్టి సరిచేశారు.

*

లంక తెరిచిన కొద్ది రోజులకు పై నుంచి ఉత్తర్వు వచ్చింది. అత్యవసరం ముగిసింది, ఏడాది గడువు కూడా దగ్గర పడింది, సామాను తిరిగి గోడౌనుకు చేర్చాలి. దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన లారీ రోడ్డు చివర, గట్టు దగ్గర ఆగింది. వెనకే కారులో త్రివిక్రమరావు వచ్చాడు. ఆయన ముఖంలో ఉత్సాహమేమీ లేదు.

"నేను ఆపి చూశాను శేషూ" అన్నాడు. "ఒక్క రోగం, ఒక్క ఊరు, అయిపోయింది కదా అంటున్నారు."

"మీరే చూసి చెప్పండి సార్, ఏవి ఎక్కించాలో."

ఇద్దరూ పడవెక్కారు. ఒక యంత్రం ఉబ్బసం ఉన్న పిల్లకు గాలి పెడుతోంది. ఇంకోటి మరమ్మతు చేసి కొల్లేటి అవతలి లంకకు పంపారు. మంచాల మీద ఇద్దరు బాలింతలు. చల్లటి పెట్టె తెరిస్తే లోపల పసిపిల్లల టీకాలు, ఇన్సులిన్. ఆయనే పెట్టె మూత జాగ్రత్తగా మూశాడు.

ఎక్కించడానికి సామాను రాక, లారీ డ్రైవర్ గౌస్ దిగి వచ్చి బడి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లావుపాటి మనిషి. వచ్చినప్పటి నుంచి మూడోసారి మంచినీళ్ళు అడిగాడు. నాగరత్నం చెంబు అందిస్తూ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"బాబూ, ఊరికే కూర్చునే బదులు ఆ పలక మీద ఒకసారి ఊదరాదూ?"

"నాకేం జబ్బమ్మా, గుర్రంలా ఉన్నాను."

"గుర్రాలూ ఊదొచ్చులే, రా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వితే, గౌస్ కూడా నవ్వుతూ పడవ లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది. బయటికొచ్చేసరికి అతని ముఖంలో నవ్వు లేదు. చేతిలో మందుల పొట్లం ఉంది. తిన్నగా త్రివిక్రమరావు దగ్గరికి వచ్చాడు, పెద్దాయన ఎవరో తెలిసినట్టు.

"సార్, రక్తంలో చక్కెర చాలా ఎక్కువుందంట. మా నాన్న కాలు తీసేశారు ఈ జబ్బుకే. నెల రోజులకు ఇచ్చారు మందులు. తర్వాత మళ్ళీ చూపించుకోవాలంట." పొట్లాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మాది మార్కాపురం అవతల సార్. అక్కడ ఇట్లాంటి పడవ లేదు."

"అక్కడ నీళ్ళే లేవు కదయ్యా" అన్నాడు త్రివిక్రమరావు.

"పడవ కాకపోతే బస్సులో పెట్టండి సార్. ఏదో ఒకటి. మా ఊళ్ళోనూ ఊదుతారు జనం, ఇట్లా చెప్పి మందిస్తే."

త్రివిక్రమరావు కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి గట్టు చివరికి నడిచాడు. గాలికి మాటలు ముక్కలుగా వినబడ్డాయి. ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. గొంతు అంతకంతకూ తగ్గింది. అంటే ఆయనకు బాగా కోపం వస్తోందని శేషుకుమారికి తెలుసు. చివరికి "మీరే వచ్చి ఈ పిల్ల ముక్కు నుంచి గొట్టం తీయండి సార్, నేను తీయలేను" అనడం స్పష్టంగా వినబడింది. అవతలి మనిషి ఏమన్నాడో తెలియదు. తిరిగి వచ్చేసరికి ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇక్కడిది ఇక్కడే ఉంటుంది" అన్నాడు. "మార్కాపురం వైపు గోడౌను కూడా తెరుస్తున్నాం. గొట్టాలన్నీ కొత్తవి వేయించాలి. ఎస్తేరమ్మా, నేర్పడానికి నువ్వు రెండు నెలలు వెళ్ళాలి. వెళ్తావా?"

"బస్సేనా అండీ? నాకు బస్సు పడదు" అంది ఎస్తేరు.

"లారీలో రామ్మా, ముందు సీటు ఖాళీయే" అన్నాడు గౌస్.

నాగరత్నం అందరినీ భోజనానికి లేవమంది. లంక తెరిచాక పట్టిన తొలి చేప పులుసు. డైరెక్టర్ గారు గట్టు మీద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముళ్ళు ఏరుకుంటూ తిన్నాడు. గౌస్ రెండోసారి అన్నం వడ్డించుకోబోతుంటే ఎస్తేరు గరిటె పట్టుకుని ఆపింది. అతను ఆకలి చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. కాసేపటికి ఎస్తేరు ముందు సీటెక్కింది, లారీ ఇంజను మోగింది. వెనక తొట్టి ఖాళీగా గడగడలాడుతూ గట్టు వెంట వెళ్ళిపోయింది. శేషుకుమారి అది మలుపు తిరిగేదాకా చూసి, చేతులు కడుక్కుని, తలుపు దగ్గర వరసలో నిలబడిన తర్వాతి మనిషిని లోపలికి రమ్మంది.